అమరిక ఫైలు: పుట్టుక, పెరుగుదల, సంస్కారము

1920వ దశకము తొలి సంవత్సరములలో రేడియో సెట్టు కొనిన గృహస్థుని యెదుట తరచుగా మూడు డయళ్లు ఉండెడివి. ఒక స్టేషను వినవలెనన్నచో మూడింటిని వేర్వేరుగా త్రిప్పి, మూడును ఒకే పౌనఃపున్యమునకు చేరునట్లు సవరించుకొనవలసి యుండెను. స్టేషను దొరకిన పిమ్మట ఏ డయలు ఏ అంకెపై నిలిచినదో కాగితముపై గుర్తు వ్రాసి సెట్టు ప్రక్కన ఉంచుకొనుట నాటివారి అలవాటు. ఆ దశకము ముగియులోపల తయారీదారులు కండెన్సర్లను ఒకే ఇరుసుపై బిగించి, ఒక్క మీట త్రిప్పినచో అన్నియు కలిసి తిరుగునట్లు చేసిరి. సెట్టు లోపల జరుగవలసిన పని ఏమియు తగ్గలేదు. వలయముల నడుమ పొంతన కుదుర్చు శ్రమ శ్రోత చేతినుండి కార్ఖానాలోని నిపుణుని చేతికి మారెను.

కంప్యూటరు ప్రపంచములో ఆ మూడు డయళ్ల వంటిది అమరిక ఫైలు. సాఫ్టువేరు వ్రాయువాడు తన ప్రోగ్రామును వేలాది స్థలములలో వాడుదురని ఎరుగును. ప్రతి స్థలమునను యంత్రము వేరు, పేరు వేరు, అవసరము వేరు. ఈ భేదములన్నిటిని ప్రోగ్రాములోనే ఇముడ్చుట సాధ్యము కాదు. కావున వానిని విడిగా ఒక ఫైలులో వ్రాయించి, ప్రోగ్రాము మొదలగునపుడు దానిని చదువుకొనునట్లు ఏర్పాటు చేయును. నేడు మన యింట ఇంటర్నెట్టు పెట్టె బిగించునపుడు పూరించు పేరును, సంకేతపదమును చివరకు అట్టి అమరికలలోనికే చేరుచున్నవి. మనకు కనబడునది రెండు గళ్లు మాత్రమే. ఆ రెండు గళ్ల స్థితికి వచ్చుటకు రమారమి అరువది సంవత్సరములు పట్టినది. ఆ అరువది సంవత్సరములలో ఏది ఫలించినది, ఏది ఫలింపలేదు అను విషయమును ఇచట పరిశీలింతము.

ఐ.బి.ఎం. సంస్థ 1964 ఏప్రిల్ మాసములో సిస్టమ్/360 అను కంప్యూటర్ల కుటుంబమును ప్రకటించెను. దానికొఱకు నిర్మించిన ఓ.ఎస్./360 అను నిర్వాహక సాఫ్టువేరును ప్రతి కార్యాలయమునకు తగినట్లు సిద్ధము చేయుట ఒక పెద్ద క్రతువు. తమ వద్ద గల టేపు యంత్రములు, డిస్కులు, ముద్రణ యంత్రములు మొదలగువానిని వర్ణించుచు మొదట కొన్ని కార్డులకు రంధ్రములు పొడువవలెను. కంప్యూటరు ఆ కార్డులను చదివి, అంతకంటె పొడవైన మరియొక ఆజ్ఞల వరుసను తయారుచేయును. రెండవ విడతలో ఆ వరుసను నడిపినచో ఆ కార్యాలయమునకు తగిన నిర్వాహక సాఫ్టువేరు రూపొందును. చిన్న వర్ణననుండి పెద్ద ఆజ్ఞావళిని యంత్రముచేతనే వ్రాయించు ఈ ఉపాయమును మనము గుర్తుంచుకొనవలెను. ముప్పది సంవత్సరముల తరువాత ఇది మరల కనబడును.

సాఫ్టువేరు సిద్ధమైన పిమ్మటను వాడుకరికి కష్టము తీరలేదు. ప్రతి పనికిని ముందు కొన్ని అదుపు కార్డులు పెట్టవలెను. ఏ ఫైలు కావలెను, అది ఏ పరికరముపై నున్నది, అందలి ఒక్కొక్క నమోదు పొడవెంత, ఎన్ని నమోదులను ఒక్క దిమ్మగా చేర్చవలెను - ఇవి యన్నియు వాడుకరియే చెప్పవలెను. ఒక ఫైలునకు నకలు తీయుటకు సైతము అనేక కార్డులు కావలసి యుండెను. ఈ కార్డుల భాషకు జాబ్ కంట్రోల్ లాంగ్వేజి అని పేరు. ఓ.ఎస్./360 నిర్మాణమునకు నాయకత్వము వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 2010లో ప్రచురించిన తన గ్రంథములో ఈ భాషను కఠినముగా విమర్శించెను. తామొక భాషను నిర్మించుచున్నామని నిర్మాతలు గుర్తింపలేదనియు, ఏవో కొన్ని అదుపు కార్డులని మాత్రమే తలంచిరనియు ఆయన చూపిన కారణము. అమరికల చరిత్రలో ఈ పొరపాటు పలుమార్లు జరిగినది. చిన్న జాబితాగా మొదలైనది క్రమముగా భాషయై కూర్చుండును. భాషకు ఉండవలసిన వ్యాకరణ శుద్ధి మాత్రము దానికి ఉండదు.

అయినను నాటివారే ఒక ఉపశమనము కనిపెట్టిరి. అనుభవజ్ఞులు కార్డుల వరుసలను ముందుగా సిద్ధముచేసి, పేరు పెట్టి, కంప్యూటరు భాండారములో ఉంచెడివారు. సాధారణ వాడుకరి ఆ పేరు పిలిచి, తనకు అవసరమైన ఒకటి రెండు విషయములను మాత్రము మార్చుకొనును. ఒకరి నేర్పు పదిమందికి ఉపయోగపడు మార్గమిది.

1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు ప్రారంభించిన యూనిక్స్ వేరొక త్రోవ త్రొక్కినది. అందు అమరికలన్నియు సామాన్య అక్షరములతో వ్రాసిన ఫైళ్లు. వానిని చదువుటకు గాని దిద్దుటకు గాని ప్రత్యేక సాధనము అక్కరలేదు. నకలు తీసి దాచుకొనవచ్చును. నిన్నటి ఫైలుతో నేటి ఫైలును పోల్చి చూడవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక గుర్తుతో మొదలగు పంక్తిని యంత్రము విడిచిపెట్టును గనుక, ఈ అమరిక ఎందుకు చేసితిమో తరువాత వచ్చువారికొఱకు అచట వ్రాసి పెట్టవచ్చును. ఈ గుణముల విలువ నేటికిని తగ్గలేదు.

దోషమేమనగా, ప్రతి ఫైలునకును వేర్వేరు సంప్రదాయము. వాడుకరుల జాబితాలో భాగముల నడుమ రెండు చుక్కల గుర్తు ఉండవలెను. నియమిత వేళలకు పనులు నడుపు జాబితాలో నిమిషము, గంట, తేదీ, మాసము, వారము అను ఐదు అంశములను ఖాళీ విడిచి వరుసగా వ్రాయవలెను. ఇంకొక దానిలో సమభాగ చిహ్నము, వేరొక దానిలో కుండలీకరణములు. ఒక్క ప్రోగ్రాము నేర్చినవాడు రెండవదానికి మరల మొదటినుండి నేర్చుకొనవలసినదే.

ఈ త్రోవలో అమరిక ఫైలు ఎంతవరకు జటిలము కాగలదో తెలుపుటకు సెండ్‌మెయిల్ కథను మించిన ఉదాహరణము లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బెర్కిలీ ప్రాంగణములో ఎరిక్ ఆల్మన్ మొదట డెలివర్‌మెయిల్ అను తపాలా ప్రోగ్రామును వ్రాసెను. అందలి అమరికలు ప్రోగ్రాములోనే కలిసిపోయి యుండెను. ఏ చిన్న మార్పునకైనను ప్రోగ్రామును మరల కూర్పు చేయవలెను. ఆ బాధను తొలగించుటకై తరువాతి రచనలో, అనగా 1983లో బి.ఎస్.డి. యూనిక్స్ 4.2 కూర్పుతో వెలువడిన సెండ్‌మెయిల్‌లో, అమరికలను విడి ఫైలులోనికి తెచ్చెను. కావున ఆ ఫైలు పుట్టినది సౌకర్యము కొఱకే యని మరువరాదు.

నాడు ఇంటర్నెట్టు అను ఒక్క వ్యవస్థ లేదు. అర్పానెట్ అను జాలములో చిరునామా ఒక తీరు. టెలిఫోను తీగలపై నడచు యు.యు.సి.పి. జాలములో మరియొక తీరు. బెర్కిలీ స్థానిక జాలములో వేరొక తీరు. ఒక చోట మనుష్యుని పేరు ముందు, యంత్రము పేరు వెనుక. ఇంకొక చోట యంత్రము పేరు ముందు, నడుమ ఆశ్చర్యార్థకము. ఒక జాలపు ఉత్తరమును మరియొక జాలమునకు పంపవలెనన్న చిరునామాను తిరుగవ్రాయవలెను. సెండ్‌మెయిల్ అమరిక ఫైలు అట్టి తిరుగవ్రాత సూత్రముల సంపుటి. నాటి చిన్న యంత్రము దానిని త్వరగా చదువుకొనవలెనని సూత్రములను మిక్కిలి క్లుప్తముగా, ఏకాక్షర ఆజ్ఞలతోను, డాలరు గుర్తులతోను నింపిరి. మనుష్యుని కంటికి అది అక్షరములు చెదరిపడిన పుటవలె తోచును. పైగా సూత్రము యొక్క రెండు భాగముల నడుమ టాబు అను అక్షరమే ఉండవలెను, ఖాళీలు పనికిరావు. టాబునకును ఖాళీకిని కంటికి భేదము కనబడదు గదా.

ఇట్టి టాబు నియమమే 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ వ్రాసిన మేక్ అను ప్రోగ్రామునందును కలదు. ఆ నియమము చిక్కు తెచ్చునని ఆయనకు త్వరలోనే తెలిసినది. కాని అప్పటికే పండ్రెండు మంది వరకు వాడుకరులు ఏర్పడిరనియు, వారిని ఇబ్బంది పెట్టనొల్లక విడిచితిననియు ఆయనయే తరువాత చెప్పెను. ఆ పండ్రెండు మంది సౌకర్యము చూచుకొనినందున అటుపిమ్మటి లక్షలాది మంది ఆ చిక్కును అనుభవించిరి. అమరిక భాషలో తొలినాటి లోపము ఎంత దీర్ఘాయువు గలదో దీనివలన తెలియును.

1990వ దశకములో ఇంటర్నెట్టు తపాలాలో అధికభాగము సెండ్‌మెయిల్ మీదుగనే నడచెను. దానిని వివరించు ప్రసిద్ధ గ్రంథము 1993లో వెలువడెను. 2002 నాటి మూడవ కూర్పు వేయి పుటలు దాటినది. వాడుకరి అంత గ్రంథము చదివి ఒక ఫైలు వ్రాయవలెననుట న్యాయమా? ఈ ప్రశ్నకు 1993లో వచ్చిన సెండ్‌మెయిల్ 8వ కూర్పు ఒక సమాధానము చెప్పినది. కెర్నిగన్, రిచీలు 1977లో వెలువరించిన ఎం4 అను సాధనముతో, మా యంత్రము ఇట్టిది, మాకు ఈ సదుపాయములు కావలెను అని పది పంక్తులు వ్రాసినచో, వందలాది పంక్తుల అసలు ఫైలు తానే తయారగును. ఓ.ఎస్./360 నాటి రెండు విడతల ఉపాయమే ఇది. ఉపకారము గొప్పదే, కాని తయారైన ఫైలులో ఏదేని తప్పు దొరలినప్పుడు మరల ఆ చెదరిన అక్షరములనే చదువవలసి వచ్చెను.

ఇంతకంటె పెద్ద ఉపకారము ఒక చిన్న నిర్ణయమువలన కలిగినది. తొలినాళ్లలో తపాలా యంత్రములు ఎవరు పంపిన ఉత్తరమునైనను, ఎవరికైనను ముందునకు చేరవేసెడివి. పరిశోధకులు ఒకరికొకరు తెలిసియున్న కాలములో అది మర్యాద. 1990వ దశకములో వాణిజ్య ప్రకటనల ఉత్తరములు పంపువారు ఆ మర్యాదను ఆసరా చేసికొని, ఎవరివో యంత్రములమీదుగా లక్షలకొలది చెత్త ఉత్తరములు పంపసాగిరి. ఆ ద్వారమును మూయు విధానము తెలిసినవారికి తెలియును. కాని సూత్రములు చదువలేని వేలాది నిర్వాహకుల యంత్రములు తెరచియే ఉండెను. 1998లో వచ్చిన 8.9 కూర్పు ఈ ద్వారమును మొదటినుండియే మూసి, కావలసినవాడు మాత్రము తెరచుకొనవలెనని నిర్ణయించినది. ఏ పుటయు చదువని నిర్వాహకునికి సైతము రక్షణ దొరకెను. వాడుకరి ఏమియు చెప్పనప్పుడు యంత్రము ఏమి చేయవలెనన్న నిర్ణయమే అమరికలన్నిటిలో ముఖ్యమని ఇది నిరూపించినది.

ఆ సంవత్సరముననే ఐ.బి.ఎం. పరిశోధనాలయమునుండి వియట్సే వెనెమా పోస్ట్‌ఫిక్స్ అను తపాలా వ్యవస్థను వెలువరించెను. అందు ప్రతి అమరికయు పేరు, సమభాగ చిహ్నము, విలువ అను తేటయైన రూపముననున్నది. వందలకొలది అమరికలు ఉన్నను ప్రతిదానికిని తగిన విలువ ముందే నిర్ణయింపబడి యున్నది. సామాన్యునికి వానిలో నాలుగైదు మార్చిన చాలును. తాను మార్చినవానిని మాత్రమే చూపుమని అడుగు సదుపాయమును కలదు. పనులన్నిటిని సూత్రములతో సాధింపగల శక్తిని కొంత వదలుకొని, పదిమందికి నిత్యము కావలసినదానిని సులభము చేయుట ఈ రచన విశేషము.

తపాలా యంత్రములు నిపుణుల అధీనములో నుండునవి. ఇంటి కంప్యూటరు తెర విషయములోనో, కష్టపడినవాడు సామాన్యుడే. 1992 ప్రాంతమున మొదలైన ఎక్స్‌ఫ్రీ86 అను ఉచిత సాఫ్టువేరుతో తెరపై బొమ్మలు చూడగోరినవాడు, తన తెర అడ్డముగా సెకనుకు ఎన్నివేల గీతలు గీయగలదో, నిలువుగా ఎన్నిమార్లు బొమ్మను మార్చగలదో తెరతో వచ్చిన చిన్నపుస్తకములో వెదకి, ఆ అంకెలను ఫైలులో వ్రాయవలెను. ఒక్కొక్క తెర కొలతకు తొమ్మిది అంకెల పంక్తి యొకటి. పుస్తకము పోగొట్టుకొనినవాడు ఊహించి వ్రాయవలెను. తప్పు అంకెలు వ్రాసినచో తెరకు హాని కలుగవచ్చునని సూచనలలో హెచ్చరిక యుండెను. ఒక మాసపు జీతము పెట్టి కొనిన వస్తువు విషయములో అది సామాన్యమైన బెదురు కాదు.

ప్రశ్నలడిగి ఫైలు వ్రాసిపెట్టు ప్రోగ్రాములు వచ్చినవి. తరువాత కిటికీలు, మీటలు గల అందమైన రూపములును వచ్చినవి. కాని అడిగిన ప్రశ్న మాత్రము మారలేదు. తన తెర యొక్క పౌనఃపున్యము తెలియనివానికి ఆ ప్రశ్న కాగితముపై నున్నను, రంగుల గడిలో నున్నను ఒక్కటియే. నిజమైన పరిష్కారము వేరొక దిక్కునుండి వచ్చెను. 1994లో వీసా అను ప్రమాణముల సంఘము ఏర్పరచిన పద్ధతి ప్రకారము తెర తన శక్తులను 128 బైట్ల పట్టికలో తనలోనే దాచుకొని, కంప్యూటరు అడిగినప్పుడు తీగద్వారా తానే చెప్పును. ఎక్స్‌ఫ్రీ86 స్థానములో వచ్చిన ఎక్స్.ఆర్గ్ సాఫ్టువేరు ఈ పట్టికను చదువ నేర్చినది. 2008 నాటికి చాలమందికి ఆ అమరిక ఫైలు ఉండవలసిన అవసరమే లేకపోయెను. ఒకప్పుడు రాత్రింబవళ్లు దిద్దిన ఫైలు నేటి యువకులు ఎరుగరు. ఫైలును సులభము చేయుటకంటె ఫైలును అనవసరము చేయుట మేలని ఇచట తేలినది.

అయినను మనుష్యుడే చెప్పవలసిన విషయములు కొన్ని మిగులును. వానిని అడుగు విధమునందును కొందరు మంచి మర్యాద చూపిరి. 1990లో ఐ.బి.ఎం. తన ఎ.ఐ.ఎక్స్. యూనిక్స్‌తో స్మిట్ అను సాధనమును ఇచ్చెను. అది పట్టికలద్వారా ప్రశ్నలడుగును. అంతటితో ఆగక, మీరు కోరిన పనికి నేను నడుపబోవు ఆజ్ఞ ఇది యని చూపును. చేసిన పనులను ఒక ఫైలులో నమోదుచేయును. కావున వాడుకరి దాని సాయమున పనిచేయుచునే పని నేర్చుకొనును. 1990వ దశకము చివర డెబియన్ లినక్స్ సంఘమువారు నిర్మించిన డెబ్‌కాన్ఫ్ మరియొక మార్గము చూపినది. ప్రతి ప్రశ్నకును నాలుగు శ్రేణుల ప్రాముఖ్యములో ఒకటి నిర్ణయింతురు. సామాన్యుని మిక్కిలి ముఖ్యమైనవి మాత్రమే అడుగును. అన్నియు తెలిసికొనగోరినవానిని అన్నియు అడుగును.

లినక్స్ కెర్నెలు విషయమున ఈ చర్చ కొంత వాడిగా సాగినది. ఆ కెర్నెలును తమ యంత్రమునకు తగినట్లు కూర్చుకొనువారు వందలాది ప్రశ్నలకు వరుసగా జవాబు చెప్పవలసి యుండెను. పొరపాటు పడినచో వెనుకకు పోవు దారిలేదు. తరువాత పట్టికలు వచ్చినవి. 2000 ప్రాంతమున ఎరిక్ రేమండ్ ఒక క్రొత్త అమరిక పద్ధతిని ప్రతిపాదించి, ఏమియు తెలియని టిల్లీ పిన్ని యను కల్పిత వ్యక్తికి సైతము ఇది సాధ్యము కావలెనని వాదించెను. టిల్లీ పిన్నికి కెర్నెలు కూర్చుకొను అగత్యమే రాగూడదని ఎదుటివారి వాదము. రేమండ్ పద్ధతి అంగీకరింపబడలేదు. 2002లో రోమన్ జిప్పెల్ వ్రాసినది స్వీకరింపబడెను. 2009లో, యంత్రములో అప్పుడు పనిచేయుచున్న భాగములను తానే చూచి, అక్కరలేనివానిని విడిచిపెట్టు సదుపాయమును చేరెను. ఇరుపక్షముల మాటలందును సత్యము కలదు. నిపుణునికి ప్రశ్నలు చక్కగా ఉండవలెను. నిపుణుడు కానివానికి ప్రశ్నయే ఉండరాదు.

ఇక వ్రాతరూపము మాట. మైక్రోసాఫ్ట్ విండోస్ మొదట సామాన్య అక్షరముల ఫైళ్లను వాడెను. 1995 నాటి విండోస్ 95తో అమరికలను రిజిస్ట్రీ అను ఒక్క భాండారములో చేర్చెను. ప్రోగ్రాములకు అది అనుకూలము. కాని అది చెడినచో యంత్రమే లేవదు. ఎందుకు మార్చితిమో వ్రాసికొనుటకు చోటును లేదు. 1998లో ప్రమాణముగా వెలువడిన ఎక్స్.ఎం.ఎల్. యంత్రమునకు స్పష్టము, మనుష్యునికి ప్రయాస. ఆ ప్రయాస తగ్గింపవలెనని 2001లో మొదలైన యామల్ అను పద్ధతిలో గుర్తులు తక్కువ, రూపము కంటికి హాయి. కాని దాని 1.1 కూర్పు ప్రకారము దేశముల జాబితాలో నార్వేకు వాడు రెండక్షరముల సంకేతమును వ్రాసినచో, ఆ అక్షరములు ఆంగ్లమున కాదు అను మాటయే గనుక, యంత్రము దానిని నిషేధార్థముగా గ్రహించును. జాబితాలో నార్వే మాయమగును. 2009 నాటి 1.2 కూర్పు ఈ నియమమును తొలగించినను, పాత నియమమును పాటించు సాధనములు అటుపిమ్మటను వాడుకలో నిలిచినవి. వాడుకరి మనస్సును యంత్రము అతిగా ఊహించుటయు ప్రమాదమే.

2015లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, అపాచీ, మైసీక్వెల్, హడూప్ మొదలగు సాఫ్టువేర్ల వాడుకరులు నిజముగా ఏ అమరికలను మార్చుచున్నారో పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించిరి. వాడుకరులలో సగముకంటె ఎక్కువమంది మార్చిన అమరికలు మొత్తములో ఆరవవంతునకు మించలేదు. దాదాపు ఎవరును ముట్టనివి కొన్నిట సగమునకు పైబడినవి. ఆ ముట్టని మీటలన్నియు ఊరకనే పడియుండవు. అవి గ్రంథములో పుటలను ఆక్రమించును. కావలసినదానిని వెదకువానికి అడ్డుతగులును. ఎప్పుడో ఒకనాడు పొరపాటున తిరిగి పనిని చెరచును. నిర్మాత ఒక విషయమును నిర్ణయింపలేక దానిని అమరికగా విడిచినప్పుడు, ఆ సందేహము వేలాది అపరిచితుల నెత్తిపైకి చేరుచున్నది.

ఈ చరిత్రయంతయు చూచినచో అమరికలలో మూడు తరగతులు స్పష్టముగా కానవచ్చును. యంత్రము తానే కనుగొనగలవి కొన్ని. తెర పౌనఃపున్యము అట్టిది. నిర్మాత తన అనుభవముతో ముందుగా నిర్ణయింపగలవి కొన్ని. తపాలా ద్వారము మూసియుంచుట అట్టిది. వాడుకరి తప్ప మరియెవ్వరును చెప్పలేనివి కొన్ని. అతని పేరు, అతని ఇష్టము, అతడు ఎవరిని నమ్మునో, ఎవరిని నమ్మడో అట్టివి. మొదటి రెండు తరగతులను మూడవదానితో కలిపి అడుగుటయే కష్టమునకు మూలము. పట్టికలు, రంగులు, క్రొత్త వ్రాతరూపములు ఆ కలగాపులగమును అందముగా చూపగలవే కాని తొలగింపలేవు. మూడవ తరగతికి చెందిన ప్రశ్నలను మాత్రము మన భాషలో, మనకు తెలిసిన మాటలతో అడిగి, చేసినదానిని దాచక చూపు సాఫ్టువేరు ఇంటింటికిని తగినది. క్రొత్త పరికరమేదైన మన యింటికి వచ్చి ప్రశ్నల వరుస మొదలుపెట్టినప్పుడు, వీనిలో ఎన్ని నిజముగా మనలను అడుగవలసినవో యోచించుట మంచిది. జవాబు తెలియక తల్లియో తాతయో చిన్నబోయినచో, లోపము వారిది కాదు. ఆ ప్రశ్న వారివరకు రాకుండ చూచుట నిర్మాత బాధ్యత.